స్కర్టింగ్ రంగు కంటే ముందు మందం చూడండి

కొత్త ఇంటికి స్కర్టింగ్‌ని, అంటే గోడ అడుగున నేల వెంబడి వేసే పట్టీని, తలుపుల బీడింగ్‌తో కలిపి టేకు రంగులో పెట్టించాలా, ఫ్లోర్ టైల్‌తోనే వేయించాలా అని అడిగారు. మూడేళ్ల కిందట బోడుప్పల్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు నేనూ ఇదే ఆలోచనతో నెల రోజులు టైల్స్ షాపుల చుట్టూ తిరిగాను. ఇప్పుడైతే ఎవరడిగినా ముందు మందం సంగతే చెబుతున్నాను.

మా హాల్లో రెండు బై రెండు అడుగుల జీవీటీ (గ్లేజ్డ్ విట్రిఫైడ్) టైల్స్, క్రీమ్ రంగువి. స్కర్టింగ్‌కి అదే టైల్‌ని నాలుగంగుళాల ముక్కలుగా కోయించాం. తలుపులకు టేకు ఫ్రేములు, గోడకీ ఫ్రేముకీ మధ్య సందు కనబడకుండా చుట్టూ అర అంగుళం మందం టేకు బీడింగ్. షాపులో ముక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ముచ్చటేసింది. తీరా మేస్త్రీ ప్లాస్టరింగ్ నేల దాకా దింపి, దాని మీదే స్కర్టింగ్ అతికించాడు. టైల్ 9 మిల్లీమీటర్లు, దాని వెనక సిమెంటు ఇంకో 6. బీడింగ్ మందం 12 మాత్రమే. ప్రతి తలుపు పక్కనా స్కర్టింగ్ బీడింగ్‌ని దాటి 3 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చింది.

మూడంటే ఎంతలే అనుకుంటారు. గృహప్రవేశమైన రెండో శుక్రవారం మా అత్తయ్య గడపకి పసుపు రాసి, ద్వారబంధం కింది మూల తడిగుడ్డతో తుడుస్తుంటే ఆ అంచుకి వేలు తెగింది. "ఇదేంటమ్మా, కత్తిపీటలా ఉంది" అన్నారు. పసుపు పక్కన రక్తం చుక్క చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. మేస్త్రీని పిలిస్తే "ఏం కాదు మేడం, గ్రైండర్‌తో కొంచెం కొట్టేస్తా" అన్నాడు. కొట్టాడు కూడా. జీవీటీ టైల్‌కి రంగూ డిజైనూ పైపొరలోనే ఉంటాయి, గీకితే లోపలి రంగు బయటపడుతుంది. అంచు పొడవునా తెల్లటి చార తేలింది.

అసలు ఆ కోత ముక్కల సంగతి ముందే ఎవరూ చెప్పరు. ఒక టైల్ నుంచి ఆరు ముక్కలు తీస్తే, పొడవు వైపు కంపెనీ అంచు ఉండేది మొదటి ముక్కకీ చివరి ముక్కకీ మాత్రమే. మధ్యలో నాలుగింటికీ రెండు వైపులా కోతే. ఆ కోత అంచు పైకి పెడితే దుమ్ము పట్టి నెల తిరిగేసరికి నల్లగీత. అంచుకి పాలిష్ పట్టించడమో, కంపెనీ అంచులున్న స్కర్టింగ్ ముక్కలు కొనడమో చేయాలని పని మొదలయ్యే ముందే చెప్పొచ్చు కదా? బిల్లు వేసేటప్పుడు మాత్రం కోత కూలి విడిగా రాస్తారు.

మమ్మల్ని గట్టెక్కించింది కార్పెంటర్. పెద్దాయన, చూడగానే అన్నాడు: "కర్ర నేలకు ఆనొద్దు మేడం. మీరు రోజూ మాప్ పెడ్తరు, తడిని కిందికెళ్లి గుంజుకుంటది." వంటగట్టుకి వాడగా మిగిలిన నల్ల గ్రానైట్‌ని బీడింగ్ వెడల్పుకి సరిగ్గా, ఐదంగుళాల ఎత్తుతో పది ముక్కలు కోయించాడు. హాలు వైపున్న ఐదు తలుపులకీ బీడింగ్ కింద ఐదంగుళాలు కోసేసి, ఆ చోట గ్రానైట్ అతికించాడు. కోసిన చెక్క చివరకి వార్నిష్ రెండు చేతులు వేశాకే పని ముగించాడు. గ్రానైట్ మందం 18 మిల్లీమీటర్లు, వెనక పలచగా గమ్ము. అటు స్కర్టింగూ ఇటు బీడింగూ దానికన్నా పలచన కాబట్టి రెండూ వచ్చి దానికి ఆగిపోతాయి. టైల్ అంచు పొడుచుకొచ్చేది లేదు, చెక్కకి తడి తగిలేది లేదు. మూడు వానాకాలాలు గడిచాయి, చెక్క పాలిష్ ఎక్కడా నల్లబడలేదు.

ఇక ఇంటీరియర్ వాళ్లు త్రీడీ బొమ్మల్లో చూపించే తెల్లటి ఎండీఎఫ్ (చెక్కపీచుని జిగురుతో అదిమి చేసే పలక) స్కర్టింగ్ జోలికి వెళ్లకండి. అది చెక్క ఫ్లోరింగ్ ఉన్న దేశాల అలవాటు. చెక్క వ్యాకోచించడానికి గోడ వెంబడి వదిలే సందుని కప్పడానికి అక్కడ అది కావాలి. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ, పండగొస్తే బకెట్లతో కడుగుడు. ఎండీఎఫ్ నీళ్లు తాగితే ఉబ్బుతుంది, మళ్లీ మామూలుకి రాదు. మలక్‌పేటలో మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో షాబాద్ బండలు, గోడ కింద ఎర్ర సిమెంటు పట్టీ ఉండేవి. గోడకి సమానంగా, చేత్తో నిమిరినా తగలనంత నున్నగా ఉండేది ఆ పట్టీ. నలభై ఏళ్లు దానికి రిపేరే రాలేదు.

రంగు అడిగారు కదా: స్కర్టింగ్ నేలతో పోవాలి, బీడింగ్ తలుపుతో పోవాలి. స్కర్టింగ్ నేలకన్నా ఒక ఛాయ ముదురైతే ఇంకా మేలు, మాప్ మరకలు కనబడవు. టేకు రంగు టైల్‌ని అసలు టేకు పక్కన పెడితే మాత్రం రెండూ వెలవెలబోతాయి, మా పక్కింట్లో రోజూ చూస్తున్నాను.

మీకింకా ప్లాస్టరింగ్ కాకపోతే, కింద స్కర్టింగ్ ఎత్తు మేర గోడకి ప్లాస్టరింగ్ చేయకుండా వదిలేయమని మేస్త్రీకి ఇవాళే చెప్పండి. స్కర్టింగ్ లోపలికి కూర్చుంటుంది, మాలాగా గ్రానైట్ ముక్కల పని కూడా పడదు.