మూడేళ్ల భరోసా, ఇరవై ఏళ్ల అప్పు

ప్రశ్న: మాది కర్నూలు. బెంగళూరు మారతహళ్లిలో అద్దెకు ఉంటున్నాం. కాడుగోడిలో ఆరేళ్ల క్రితం కట్టిన ఫ్లాటు 80 లక్షలకు బేరం కుదిరింది. ఇద్దరం ఉద్యోగులమే. చేతిలో 24 లక్షలున్నాయి. మామగారి వైద్యానికని మరో 4 లక్షలు డిపాజిట్ చేసి ఉంచాం. మావారికి ఏటా 3 లక్షల దాకా బోనసు వస్తుంది. బ్యాంకు మామూలు గృహరుణం 8 శాతానికి ఇస్తానంటోంది. అదే ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలో అయితే 8.25. ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ 8.1 శాతానికి ఇచ్చి, మూడేళ్లు వడ్డీ మారదంటోంది. మావారు దీనివైపే మొగ్గుతున్నారు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, నెలవారీ వాయిదా మారదంటే ఇల్లు నడిపేవారికి ఎంత ఊరటో నాకు తెలుసు. కానీ మీరు తీర్చవలసింది 20 ఏళ్ల అప్పు. నాలుగో ఏడు మొదలయ్యాక ఆ కంపెనీ వడ్డీ దేన్నిబట్టి మారుతుందో అడిగారా? బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) గృహరుణాలు 2019 అక్టోబర్ 1 నుంచి రెపో (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు) వంటి బయటి రేటుకు ముడిపడి ఉండాలి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ కట్టుబాటు లేదు, సొంత రేటును తామే నిర్ణయించుకుంటాయి. పైగా స్థిర వడ్డీ నడిచే కాలంలో ముందుగా కడితే రుసుము పడవచ్చు. బోనసు వచ్చే ఇంటికి అది నష్టం. మూడో దాన్ని వదిలేయండి.

ఇక మిగిలిన రెండూ. ఫ్లాటు విలువలో 80 శాతం, అంటే 64 లక్షలు అప్పు దొరుకుతుంది. మీరు వేయవలసింది 16 లక్షలు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు దీనిలో కలవవు. బెంగళూరులో అవి ఏడున్నర శాతం పైమాటే, సుమారు 6 లక్షలు. ఆపైన మీకు మిగిలేది రెండు లక్షలకు లోపే. అది అల్మరాల పనికే చాలదు. అందుకే మామగారి డబ్బు గురించే నాకు ఆందోళన.

ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలో మీరు ఉంచిన సొమ్ము మేరకు అసలు తగ్గినట్టు లెక్కగట్టి వడ్డీ వేస్తారు. కావాలంటే ఆ సొమ్మును మళ్లీ తీసుకోవచ్చు. పావు శాతం ఎక్కువ కాబట్టి తొలి ఏడాది సుమారు 16,000 రూపాయలు అదనం. ఖాతాలో సగటున రెండు లక్షలు నిలిచి ఉంటే అది పూడిపోతుంది. మీ నాలుగు లక్షలూ అక్కడ ఉంచితే 33,000 వడ్డీ మిగులుతుంది. అదనం పోగా నికరం 17,000. డిపాజిట్ మీద పన్ను పోగా మీకు వచ్చేదీ ఇంచుమించు అంతే. అంటే ఆ నాలుగు లక్షల వరకు రెండూ సమానమే. తేడా తెచ్చేది బోనసు. మామూలు రుణంలోనూ బోనసును ముందుగా కట్టి వడ్డీ తగ్గించుకోవచ్చు, ఫ్లోటింగ్ రుణానికి రుసుమూ ఉండదు. కానీ కట్టిన డబ్బు తిరిగి రాదు. రేపు ఆసుపత్రిలో లక్షలు కావలసి వస్తే మీరు 14 శాతం వ్యక్తిగత రుణం వెతుక్కోకూడదని నా కోరిక. మీ ఇంటి పరిస్థితికి ఓవర్‌డ్రాఫ్టే తగినది. అయితే ఒక షరతు. ఆ ఖాతాకు డెబిట్ కార్డు తీసుకోవద్దు, ఫోనులో చెల్లింపులకు దాన్ని కలపవద్దు. పండగకూ ప్రయాణానికీ అందులోంచే తీయడం మొదలైతే మామూలు రుణమే నయం.

వాయిదా 54,500 దాకా వస్తుంది. రేటు పెరిగితే వాయిదా పెంచాలా, గడువు పెంచాలా అని అప్పు తీసుకున్నవారిని అడగమని 2023 ఆగస్టులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. శక్తి ఉన్నంతవరకు వాయిదా పెంచమనే చెప్పండి.

ఇంకొకటి, ఇది ముందు చూడవలసినది. బెంగళూరులో ఖాతా అంటే నగరపాలక సంస్థ ఆస్తిపన్ను రికార్డులో ఆస్తి నమోదు. అన్నీ సక్రమంగా ఉన్నవాటికి ‘ఎ’ ఖాతా, అనుమతుల్లో లోపాలున్నవాటికి ‘బి’ ఖాతా. మీ ఫ్లాటుకు ఏది ఉందో చూడండి. బి ఖాతా అయితే చాలా బ్యాంకులు వెనకాడతాయి. ఆ ఖాతా డిజిటల్ రూపమైన ఈ-ఖాతా ప్రతిని మీ బ్యాంకు న్యాయవాది చూసి సరే అనేదాకా అమ్మకందారుకు అడ్వాన్సు ఇవ్వకండి.