గుమ్మం దాకా ఆగలేని పిల్ల, గంట మోగితే ఆగని అరుపు

ప్రశ్న: మాది అయిదో అంతస్తు ఫ్లాట్. మూడు నెలల లాబ్రడార్ పిల్లను తెచ్చి 20 రోజులైంది. హాల్లో న్యూస్‌పేపర్ పరిస్తే దాని మీద ఒకసారి, పక్కన నాలుగుసార్లు ఉచ్చ పోస్తోంది. మావారు దాని మూతిని ఆ తడిలో రాసి ఒకటి అంటిస్తారు. ఇప్పుడు సోఫా కిందకు దూరి పోస్తోంది. రోజూ ఫినాయిల్‌తో తుడుస్తూనే ఉన్నాను. కావాలనే చేస్తోందంటారా?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: కావాలని కాదండీ, మీ ఇంట్లో నేర్చుకున్నదే చేస్తోంది. మూతి తడిలో రాస్తే దానికి తెలిసేది ‘ఇక్కడ పోయకూడదు’ అని కాదు, ‘వీళ్ల కళ్ల ముందు పోయకూడదు’ అని. అందుకే సోఫా చాటు వెతుక్కుంది. ఇదే సాగితే రేపు కిందికి తీసుకెళ్లి అరగంట తిప్పినా మీ ముందు పోయదు, ఇంట్లోకి వచ్చాక ఓ మూల చూసుకుని వదులుతుంది. మీవారికి ముందు ఈ మాట చెప్పండి.

మూడు నెలల పిల్ల 3, 4 గంటలకు మించి ఆపుకోలేదు. అదీ పడుకుని ఉంటేనే. ఆటలో పడితే అరగంటకే వస్తుంది. కాబట్టి నిద్ర లేచిన వెంటనే, అన్నం తిన్న 15 నుంచి 20 నిమిషాల్లోపు, ఆట అయిపోగానే, రాత్రి దీపాలు ఆర్పే ముందు తప్పకుండా తీసుకెళ్లాలి. నడిపించకండి, ఎత్తుకెళ్లండి. నడిస్తే దారిలోనే పని కానిచ్చేస్తుంది.

ఎక్కడికి? టీకాల వరుస సుమారు 16 వారాలకు గానీ పూర్తి కాదు. అప్పటిదాకా వీధి కుక్కలు తిరిగే చోట నేల మీద దించితే పార్వో (వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) భయం. ప్రస్తుతానికి బాల్కనీయే నయం. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో పచ్చగడ్డి పలకో, కొద్దిగా మట్టో వేసి, ఇంతకుముందు దాని ఉచ్చతో తడిసిన గుడ్డముక్క ఒకటి అందులో పెట్టండి. ఆ వాసనే దానికి గుర్తు. పిల్లను అందులో దించి, మాట్లాడకుండా, ఆడించకుండా 5 నిమిషాలు నిలబడండి. పోయడం పూర్తయిన మరుక్షణం, అక్కడే, శనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క తాయిలంగా పెట్టండి. చాలామంది పొరబడేది ఇక్కడే. హాల్లోకి వచ్చాక డబ్బా మూత తీసి పెడతారు. అప్పుడది నేర్చుకునేది హాల్లోకి పరుగెత్తడం. తాయిలాలు ముందే జేబులో ఉండాలి.

5 నిమిషాలైనా పోయకపోతే లోపలికి తెచ్చి వదిలేయకండి. ఆరడుగుల తాడు ఒక కొస దాని పట్టీకి, రెండో కొస మీ నడుముకు కట్టుకుని మీ పని చూసుకోండి. 10 నిమిషాలకు మళ్లీ తీసుకెళ్లండి. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందంటే ఇక క్షణం ఆగకూడదు. రెండు మూడు వారాలు ఎప్పుడు పోసిందో క్యాలెండర్ మీద రాసుకుంటే దాని వేళలు మీకే తెలిసిపోతాయి.

పేపర్ తీసేయండి. అది ‘కాగితం మీద పోయొచ్చు’ అని నేర్చుకుంటే, నేల మీద పెట్టిన పిల్లల హోంవర్కు పుస్తకం కూడా దానికి మరుగుదొడ్డే.

ఫినాయిల్ వాసన మన ముక్కుకు చాలేమో గానీ, కింద ఉన్న ఉచ్చ వాసన కుక్క ముక్కుకు అందుతూనే ఉంటుంది. పైగా ఫినాయిల్ నేలను నాకడం దానికి మంచిది కాదు. ముందు పాత గుడ్డతో అద్ది తడి మొత్తం పీల్చేయాలి, రుద్దితే చుట్టూ పాకుతుంది. తర్వాత పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రావణం పోసి 10, 15 నిమిషాలు వదిలి తుడవండి. అది లేకపోతే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడవొచ్చు, గ్రానైట్, పాలరాయి మీద మాత్రం వెనిగర్ వద్దు, మరక పడుతుంది. బ్లీచింగ్ అసలే వద్దు. ఉచ్చలోని అమోనియాతో కలిసి ఊపిరి సలపనివ్వని వాయువు పుడుతుంది.

ఒక హెచ్చరిక: అలవాటు పడ్డాక ఉన్నట్టుండి మాటిమాటికీ చుక్కలు చుక్కలుగా పోస్తుంటే అది శిక్షణ సమస్య కాదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్ కావొచ్చు, పశువైద్యుడికి చూపించండి.

ప్రశ్న: మా రెండేళ్ల కుక్క కాలింగ్ బెల్ మోగితే చాలు, ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది. తలుపు తీస్తే వచ్చినవాళ్ల మీదికి ఎగబడుతుంది. అరవొద్దని గదిమితే ఇంకా రెచ్చిపోతుంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: దాని లెక్క చూడండి. గంట మోగింది, తను అరిచింది, కొరియర్ అబ్బాయి వెళ్లిపోయాడు. రోజూ గెలుస్తోంది, ఎందుకు మానుతుంది? మీరూ గొంతు పెంచితే, తనతో కలిసి మొరుగుతున్నారనుకుంటుంది.

మీ గంట చప్పుడునే ఫోన్‌లో రికార్డు చేయండి. తలుపుకు పది అడుగుల దూరంలో ఒక చాప వేసి, చెవి రిక్కించేంత చిన్నగా మోగించి, అరవకముందే చాప మీద తాయిలం వేయండి. పూటకు 10 సార్లు. చప్పుడు వినగానే తనంతట తాను చాప వైపు చూసిందంటే పాఠం ఎక్కినట్టు, అప్పుడే చప్పుడు కొంచెం పెంచండి. అరిచిందంటే మీరు తొందరపడ్డారని అర్థం, ఒక మెట్టు దిగండి. చివరికి ఇంట్లోవాళ్లే బయటికెళ్లి అసలు గంట నొక్కాలి.

ఎగబడటానికి మందు పట్టించుకోకపోవడం. చేతులు కట్టుకుని పక్కకు తిరగాలి. నాలుగు కాళ్లూ నేల మీదుంటేనే వంగి నిమరాలి. మొదటి మూడు నాలుగు రోజులు ఇంకా ఎక్కువ ఎగురుతుంది, పాత పద్ధతి ఎందుకు పనిచేయడం లేదా అని గట్టిగా ప్రయత్నిస్తుందన్నమాట. అక్కడ జారిపోకండి. తాతగారు ‘పోనీలే పాపం’ అంటూ వారానికి ఒకసారి మీదికి ఎక్కించుకున్నా సరే, ఎప్పుడో ఒకప్పుడు దక్కుతుందన్న ఆశతో కుక్క మరింత పట్టుదలగా ఎగురుతుంది. అలవాట్లలో ఇదే అన్నిటికన్నా మొండిది.

ప్రశ్న: మా కుక్కకు మూడు పూటలా పెరుగన్నమే. మేం భోజనానికి కూర్చుంటే కంచం ముందు చేరి గునుస్తుంది. కూర కలిపి పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: కూర వద్దు. ఉల్లి, వెల్లుల్లి వండినా సరే, కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలో కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన కోడి ఎముకలు కూడా ప్రమాదమే. ఎముక ఉడికాక పెళుసై, చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఇక పెరుగన్నం ఒక్కదానితో మాంసకృత్తులు చాలవు. అన్నం తగ్గించి గుడ్డు, ఎముకల్లేని చికెన్, గుమ్మడి ఉప్పూకారం లేకుండా ఉడికించి కలపండి. ఇంటి తిండికి కాల్షియం ఎంత చేర్చాలో బరువు చూసి వైద్యుడే చెప్పాలి. పెద్ద కుక్కకు రెండు పూటలు చాలు. మీకన్నా ముందు దానికి పెట్టేయండి, కంచం దగ్గర మాత్రం ఎవరూ ఒక్క మెతుకు విదల్చకూడదు.

ప్రశ్న: నాలుగు నెలల కుక్కపిల్ల మా పాప పాదాలు కొరుకుతోంది. నిన్న పన్ను దిగి రక్తం వచ్చింది. పెంచుకున్నదే కదా, ఇంజెక్షన్ అవసరమా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ఇది చదివేలోపే ఆసుపత్రికి వెళ్లి ఉంటారనుకుంటాం. వెళ్లకపోతే ఈరోజే వెళ్లండి. పంటిగాటు పడగానే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పూయకూడదు. కుక్కపిల్లకు రేబిస్ టీకా మూడు నెలలు నిండాకే మొదలవుతుంది, ఒక్క మోతాదు పడినంత మాత్రాన పూర్తి రక్షణ వచ్చిందని నమ్మలేం. పాపకు చర్మంలోకి ఇచ్చే టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. రక్తం వచ్చింది కాబట్టి గాటు దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అవసరమవుతుంది, డాక్టరును అడగండి.

కొరకడానికి కారణం పళ్లు. ఈ వయసులో 28 పాలపళ్లు ఊడి 42 పళ్లు వస్తుంటాయి, చిగుళ్లు దురద. పాత తువ్వాలు తడిపి మెలిపెట్టి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇవ్వండి. పాప పరుగెత్తితే దానికి వేట ఆటే. కదలకుండా నిలబడటం పాపకు నేర్పండి, పెద్దవాళ్లు లేనప్పుడు ఇద్దరినీ ఒక గదిలో వదలకండి.