అమెరికా వెళ్ళి బి.ఏ. చదివొచ్చినవాడి జవాబు

మీ అమ్మాయికి రెండు వేల మంది కూడా లేని లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో (సైన్సూ సాహిత్యమూ అన్నీ కలిపి చదివించే చోటు) కంప్యూటర్ సైన్స్ సీటు, మంచి ఆర్థిక సాయం వచ్చాయి, పెద్ద యూనివర్సిటీ వదులుకుని అక్కడికి పంపొచ్చా అని అడిగారు. పంపండి. నేను అలాంటి చోటే చదివాను, మిడ్‌వెస్ట్‌లో, మొక్కజొన్న చేల మధ్య.

నాది బి.ఏ. కంప్యూటర్ సైన్స్. అదే అసలు తంటా. పెళ్ళి భోజనాల్లో మా బాబాయి "అంత దూరం వెళ్ళి బి.ఏ. చదివావట్రా, అది గుంటూరులో లేదా?" అన్నాడు. ఇంటెల్ పెట్టినవాళ్ళలో ఒకడైన రాబర్ట్ నాయిస్ 1949లో డిగ్రీ తీసుకున్నది అయోవాలోని గ్రిన్నెల్ అనే ఇలాంటి చిన్న కాలేజీలోనే అని చెప్పాను. "ఆయనెవరు?" అని పెరుగు వడ్డించమన్నాడు. చదువయ్యాక అక్కడే పని చేసుకోనిచ్చే ఓపీటీ అనే అనుమతికి చూసేది మేజర్‌ని, అంటే ప్రధాన సబ్జెక్టుని, బి.ఏ.నా బి.ఎస్.నా అని కాదు. నాకు మూడేళ్ళూ వచ్చింది.

నేను ఇంటర్ చదివిన హాస్టల్లో సెక్షన్‌కి ఎనభై మంది. లెక్చరర్‌కి నా ర్యాంకు తెలుసు, పేరు తెలీదు. ఆ అమెరికా కాలేజీలో డేటా స్ట్రక్చర్స్ క్లాసులో పదకొండు మందిమి. హ్యాష్ టేబుల్ (సంఖ్యని టేబుల్ సైజుతో భాగించి, శేషాన్ని బట్టి ఏ గడిలో పెట్టాలో తేల్చే పద్ధతి) అసైన్‌మెంట్ రాశాను, టెస్టులన్నీ పాసయ్యాయి. ప్రొఫెసర్ తన గదికి పిలిచి, టేబుల్ సైజు ప్రధాన సంఖ్య ఎందుకు తీసుకున్నావని అడిగారు. పుస్తకంలో ఉందన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. బీరువా మీద నుంచి డజను గుడ్ల ఖాళీ అట్టపెట్టె తీసి, గుంటలకి 0 నుంచి 11 దాకా అంకెలు వేసి, నా చేతిలో పిప్పరమెంట్లు పోశారు. 4, 8, 12, 16... ఒక్కో సంఖ్యని 12తో భాగించి, శేషం ఎంతొస్తే ఆ గుంటలో ఒకటి వెయ్యమన్నారు. అన్నీ 0, 4, 8 గుంటల్లోనే పడ్డాయి. మిగతా తొమ్మిదీ ఖాళీ. అప్పుడు చివరి గుంట మీద టేపు అంటించి, ఇప్పుడు 11తో భాగించమన్నారు. 4, 8, 1, 5, 9, 2... నలభై నాలుగు దగ్గరికి వచ్చేసరికి పదకొండు గుంటల్లోనూ తలా ఒకటి. మా అమ్మమ్మ వామనగుంటల పీట గుర్తొచ్చింది. ఇంటర్లో రెండేళ్ళు లెక్కలు రుబ్బాను కానీ ఒక్క లెక్కనీ ఇలా చేత్తో పట్టుకోలేదు. మూడొందల మంది కూర్చునే క్లాసులో ఈ పని ఎవరూ చెయ్యరు, నాతో వాదించకండి.

ఇంజనీరింగ్ అయితే వేరే కథ. స్వార్త్‌మోర్, స్మిత్, హార్వీ మడ్ లాంటి కొన్నిచోట్ల ఉంది కానీ చాలావాటిలో లేదు. లేనిచోట, మూడేళ్ళు ఆ కాలేజీలో, తర్వాత రెండేళ్ళు కొలంబియా లాంటి పెద్ద యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదవొచ్చు అంటారు. ఆ చివరి రెండేళ్ళకి డబ్బెవరిస్తారో ముందే తేల్చుకోండి.

నాకు మిగిలిన కోపం ఒక్కటే. కంపైలర్స్ (మనం రాసిన ప్రోగ్రాంని మెషీన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) కోర్సు రెండేళ్ళకోసారి అన్నారు. నా రెండో ఏట నడిచింది, అప్పటికి నాకు అర్హత లేదు. నాలుగో ఏట చెప్పే ఆయన సెలవు మీద వెళ్ళిపోయారు. ఉద్యోగంలో చేరాక రాత్రిళ్ళు కూర్చుని నేర్చుకున్నాను. అందుకని వెబ్‌సైట్‌లో ఉన్న కోర్సుల జాబితా చూసి మురిసిపోకండి. గత మూడేళ్ళలో నిజంగా ఏవేవి నడిచాయో డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి అడగమనండి మీ అమ్మాయిని. కంపైలర్స్ సంగతి మరీ మరీ అడగమనండి.