వార్డులో ఫార్మసిస్టుకు ఏం పని?

ఆసుపత్రిలో మందుల వాడకం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మను ఆయాసంతో ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు చూసి వెళ్లాక ఇంకో అమ్మాయి వచ్చి, ఇంట్లో వాడే మందులన్నీ తెమ్మంది. చీటీ చూపిస్తే చాలదంది. ఆవిడ డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఈ ఆరా అంతా దేనికి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆవిడ క్లినికల్ ఫార్మసిస్టు, అంటే వార్డులో రోగుల మందుల వాడకాన్ని పరిశీలించే ఫార్మసిస్టు అయివుంటారు. మన దేశంలో 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్‌-డి కోర్సు చదివినవాళ్లు ఈ పనిలోకి వస్తున్నారు. చీటీలో ఉండేది డాక్టరు రాసింది. మీ అమ్మగారు నిజంగా ఏం మింగుతున్నారో చెప్పేది స్ట్రిప్పులే. రెండు నెలల కిందట కొన్న బీపీ మాత్రలు ఇంకా సగం మిగిలే ఉన్నాయంటే, ఆవిడ రోజూ వేసుకోవడం లేదన్నమాట. ఆ సంగతి తెలియక చీటీలో ఉన్న మోతాదునే వార్డులో సిస్టర్ టంచనుగా ఇస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

చూర్ణాలు, కషాయాలు, షాపులో అడిగి కొనుక్కున్న నొప్పి మాత్రలు అన్నీ సంచీలో వేసుకెళ్లండి. కంటి చుక్కలు మరీ ముఖ్యం. కంట్లో వేసుకునేది కూడా మందేనా అని చాలామంది చెప్పరు. గ్లాకోమాకు వేసే టిమోలాల్ చుక్కలు ఒంట్లోకి చేరి ఆయాసాన్ని పెంచగలవు.

ఇదే పరిశీలన డిశ్చార్జి రోజున ఇంకోసారి జరగాలి. థైరోనార్మ్, ఎల్‌ట్రాక్సిన్ పేర్లు వేరు గానీ రెండిట్లో ఉన్నది లీవోథైరాక్సినే. ఇంట్లో ఒకటి ఉండగా ఆసుపత్రి వాళ్లు రెండోది రాస్తే, రెండూ కలిపి వేసుకుని గుండెదడతో మళ్లీ వచ్చేవాళ్లుంటారు. కొనసాగించేవి ఏవి, ఆపేసేవి ఏవి, కొత్తవి ఏవి అని విడివిడిగా రాయించుకోండి. ఆపేయమన్న స్ట్రిప్పులు ఇంటి మందుల డబ్బాలోకి మళ్లీ చేరకూడదు.

ప్రశ్న: మా వార్డులో 72 ఏళ్ల ఆవిడకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనోక్సాపారిన్ ఇంజక్షన్ 40 మి.గ్రా. పన్నెండు గంటలకోసారి రాశారు. ఆవిడ బరువు 40 కిలోలు, క్రియాటినిన్ 1.4 మాత్రమే. రోజుకు ఒక్కసారే ఇవ్వాలని ఫార్మసిస్టు చార్టులో రాశారు. డ్యూటీ డాక్టరు విసుక్కున్నారు. ఎవరిది ఒప్పు?
– స్టాఫ్ నర్సు, విశాఖపట్నం

జవాబు: ఫార్మసిస్టుదే. ఆ ‘1.4 మాత్రమే’ అన్న దగ్గరే పొరపాటు జరుగుతుంది. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం, దాన్ని బయటికి పంపేది కిడ్నీలు. కండ కరిగిపోయిన ముసలావిడలో అది తయారయ్యేదే తక్కువ. కాబట్టి కిడ్నీలు బాగా దెబ్బతిన్నా రిపోర్టులో అంకె కొంచెం మాత్రమే ఎక్కువగా కనిపిస్తుంది, అంతే.

కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క వేసి, కిడ్నీల వడపోత వేగం (క్లియరెన్స్) ఎంతో చూడండి. 140లోంచి వయసు తీసేస్తే 68. దాన్ని బరువు 40తో గుణిస్తే 2,720. కింద 72ను 1.4తో గుణిస్తే 100.8. భాగిస్తే 27. ఆడవాళ్లకు 0.85తో గుణించాలి కాబట్టి నిమిషానికి సుమారు 23 మి.లీ. చికిత్స మోతాదులో ఎనోక్సాపారిన్ కిలోకు 1 మి.గ్రా. చొప్పున పన్నెండు గంటలకోసారి ఇస్తారు. క్లియరెన్స్ 30 కన్నా తగ్గితే అదే మోతాదు 24 గంటలకోసారి. రెండుసార్లు ఇస్తూ పోతే మందు ఒంట్లో పేరుకుని రక్తస్రావం అవుతుంది. ఒక్క జాగ్రత్త: క్రియాటినిన్ రోజురోజుకూ మారిపోతున్న రోగిలో ఈ లెక్కను నమ్మకూడదు.

ఇక విసుగు సంగతి. మోతాదు మార్చే అధికారం డాక్టరుదే. అయితే చార్టులో రాసి ఊరుకున్న సూచన మర్నాటి రౌండ్స్ దాకా ఎవరి కంటా పడదు, ఈలోగా రాత్రి డోసు పడిపోతుంది. ముందు ఫోన్ చేయాలి, తర్వాత రాయాలి. రాసేది కూడా ‘డోసు ఎక్కువైంది’ అని కాకుండా ‘క్లియరెన్స్ 23, రోజుకు ఒకసారి సరిపోతుంది, పరిశీలించగలరు’ అని ఉంటే ఎవరికీ కోపం రాదు. డాక్టరు తేల్చేలోపు డోసు టైమ్ అయితే ఇవ్వాలో ఆపాలో మీరు అడిగే తీరాలి.

ప్రశ్న: మాది ముప్పై పడకల నర్సింగ్ హోమ్. ఫార్మ్‌-డి వాళ్లను పెట్టుకునే స్తోమత లేదు. మా మెడికల్ షాపు ఫార్మసిస్టుతోనే ఏమైనా మొదలుపెట్టవచ్చా?
– నల్లగొండ

జవాబు: నిక్షేపంగా. మొదట వార్డు అల్మారాల్లోంచి పొటాషియం క్లోరైడ్ యాంపూల్స్ తీసేయించండి. 10 మి.లీ. యాంపూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ అనుకుని నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఫార్మసీలోనే తాళం వేసి ఉంచి, రోగి పేరుతో ఇండెంట్ (మందు కావాలన్న చీటీ) వస్తేనే ఇవ్వాలి. ఒక యాంపూల్‌ను 500 మి.లీ. సెలైన్‌లో కలిపితే, మామూలు వార్డులో ఆ బాటిల్ రెండు గంటల్లోపు అయిపోకూడదు. స్టాండుకు వేలాడుతున్న బాటిల్లోకి ఎక్కించి అలాగే వదిలేయడం ఇంకో ప్రమాదం. పొటాషియం అడుగుకు దిగి, ముందు అదే ఒంట్లోకి పోతుంది. బాటిల్ దించి, నాలుగైదుసార్లు తలకిందులు చేసి కలపాలి.

తర్వాత ఇన్సులిన్. మన దగ్గర మి.లీ.కు 40 యూనిట్లదీ, 100 యూనిట్లదీ రెండూ దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు. తెల్లారేసరికి రోగి కోమాలో ఉండొచ్చు. వీలైతే ఆసుపత్రి మొత్తానికి ఒకే రకం తెప్పించండి. అది కుదరకపోతే వయల్‌తో పాటే దాని సిరంజి పంపాలని ఫార్మసీకి గట్టిగా చెప్పండి.

ఈ రెండూ కుదిరాక మిగతావి చూడవచ్చు. ఖర్చు దాదాపు లేని పనులివి. షాపు కౌంటరు దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టి ఫార్మసిస్టును రోజుకో గంట వార్డులోకి పంపగలిగితే చాలు.

ప్రశ్న: నాన్నకు రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వెళ్లే గొట్టం) వేశారు. మాత్రలన్నీ కలిపి నూరి పోస్తుంటే ట్యూబ్ మూసుకుపోతోంది.
– రాజమహేంద్రవరం

జవాబు: కలిపి నూరకండి. ఒక్కో మాత్ర విడిగా మెత్తగా నూరి, 10–15 మి.లీ. నీళ్లలో కలిపి పోయండి. మందుకూ మందుకూ మధ్య కాసిని నీళ్లు, మొదట్లోనూ చివర్లోనూ 20–30 మి.లీ. నీళ్లు పోయాలి. నాన్నగారికి నీళ్ల మీద కట్టడి ఉంటే ఆ కొలత డాక్టరును అడగండి. పేరు చివర ఎస్‌.ఆర్., ఎక్స్‌.ఆర్., సి.ఆర్. ఉన్నవాటిని నూరకూడదు. రోజంతా మెల్లగా విడుదల కావాల్సిన మందు ఒకేసారి ఒంట్లో పడుతుంది. పాంటోప్రజోల్ నూరితే పైపూత పోయి, మందు కడుపులోని ఆమ్లానికి పాడవుతుంది. వీటికి బదులు సిరప్, నీళ్లలో కరిగే మాత్ర, సాచెట్ ఏవి ఉన్నాయో ఫార్మసిస్టు చెబుతారు. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ ఇస్తుంటే, దానికి ముందూ తర్వాతా గంట నుంచి రెండు గంటలు ఫీడ్ (ట్యూబ్‌లో పోసే ఆహారం) ఆపాలి. లేకపోతే మందు సరిగా ఒంటబట్టదు, ఫిట్స్ తిరగబెడతాయి.

ప్రశ్న: యాంటీబయాటిక్ ఇంజక్షన్ పడగానే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. ఎవరికి చెప్పాలి?
– వరంగల్

జవాబు: ముందు అక్కడే డ్యూటీ డాక్టరుకు. కేస్ షీట్ మొదటి పేజీలో ఆ మందు అసలు పేరు (బ్రాండు పేరు కాదు) అలర్జీగా రాయించండి, మీ దగ్గరా ఒక కాగితం మీద ఉంచుకోండి. ఆ తర్వాత ఆసుపత్రి ఫార్మసిస్టు ద్వారా మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలియజేయవచ్చు. రోగులే నేరుగా టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు ఫోన్ చేసి కూడా చెప్పవచ్చు. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎప్పుడు ఇచ్చారు, ఎంతసేపటికి దద్దుర్లు వచ్చాయి అన్నవి దగ్గర పెట్టుకోండి. ఖాళీ వయల్ చెత్తబుట్టలోకి పోకముందే బ్యాచ్ నంబరు రాసుకోవాలి.