సైకియాట్రిస్టు దగ్గర తల్లి సైగలు చేసి చెబితే సరిపోతుందా?

రాజోలు దగ్గర మీ మేనత్త కొడుక్కి పుట్టుచెవుడు, 24 ఏళ్లు, నెల్లాళ్లుగా నిద్ర లేదు, తలుపేసుకుని కూర్చుంటున్నాడు. కాకినాడ ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌కి తీసుకెళ్తే పక్కన వాళ్లమ్మ ఉంటే చాలదా అని మీరు అడిగారు. చాలదండి.

ఆవిడ రావాలి, కానీ దుబాసీగా కాదు. డాక్టరు గారు "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడుగుతారు. ఆ మాట కన్నకొడుకుతో ఏ తల్లి సైగ చేస్తుంది? "బాగానే ఉన్నావు కదూ" అన్నట్టు బొటనవేలెత్తుతుంది. అతను తలూపుతాడు. అర్థం కాకపోయినా తలూపడం వాళ్లకి చిన్నప్పటి అలవాటు. "అబ్బే, అలాంటిదేం లేదండి" అంటుందావిడ. ఓపీ చీటీ మీద అదే పడుతుంది. పైగా ఇంటి సైగలు అన్నం, పొలం, డబ్బుల దాకా వస్తాయిగానీ "రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేదు" అనేదాకా రావు.

బధిరుల పాఠశాల టీచర్లని అడిగి, సైగల్ని మాటల్లోకీ మాటల్ని సైగల్లోకీ మార్చే ఇండియన్ సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌ని పట్టుకోండి. ఆ మనిషి ఫర్వాలేదా అని ముందు కుర్రాణ్ణే అడగండి, ఎందుకంటే బధిరుల్లో అందరికీ అందరూ తెలుసు. అతనికి ఇంటి సైగలే వస్తే అలాంటి సైగలు అర్థం చేసుకునే అనుభవమున్న బధిరుడొకరు అతనికీ ఇంటర్‌ప్రెటర్‌కీ మధ్యలో ఉండాలి. ఇంటర్‌ప్రెటర్ రాలేకపోతే వీడియో కాల్ పెట్టండి. ఫోను నిలబెట్టి, నడుం నుంచి తలదాకా కనబడేలా చూడండి. ఇంటర్‌ప్రెటర్ డాక్టరు పక్కన, కాస్త వెనగ్గా కూర్చోవాలి. వాళ్ల వెనక కిటికీ ఉంటే మొహాలు నల్లగా పడతాయి. మామూలుకి రెట్టింపు సమయం పడుతుందని ముందే చెప్పండి.

"పెదాలు చూసి తెలుసుకుంటాడులెండి" అంటే నాకు ఒళ్లు మండుతుంది. అద్దం ముందు గొంతు లేకుండా పాట, బాట, మాట అనండి. మూడూ ఒకటే! కాగితం మీద "మనసు బరువుగా ఉందా" అని రాసినా, తెలుగు అతనికి రెండో భాష, బరువేంటో అర్థం కాదు.

డాక్టరుకి చెప్పాల్సినవి ఇంకొన్ని. సైగ చేసేటప్పుడు మొహం అంతలా కదలడం సైన్ భాష వ్యాకరణం, ఉద్రేకం కాదు. తెగిన వాక్యాలు రాస్తే ఆలోచన చెదిరిందనుకోకూడదు. "గొంతులు వినిపిస్తున్నాయా" అని మాత్రమే అడిగితే లాభం లేదు, ఎవరో పెదాలు కదుపుతున్నట్టో సైగ చేస్తున్నట్టో ఉందా అని అడగాలి. మానసిక జబ్బుకిచ్చే హాలోపెరిడాల్‌తో వేళ్లు బిగుసుకుంటే మనకి నాలుక మడతపడ్డట్టే. ఆ బిగుతుకిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్‌తో చూపు మసకబారొచ్చు. అలాగైతే మందు మీరు ఆపకుండా వెంటనే చెప్పండి. వార్డులో చేతులు కట్టేస్తే నోరు కట్టేసినట్టేనని కూడా చెప్పండి.

"మాకు ఇంటర్‌ప్రెటర్లతో పనేంటి" అని కసురుకుంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 4వ సెక్షన్ చూపించండి. రోగికి సమాచారం సైగల భాషలోనో బొమ్మలతోనో, అర్థమయ్యేలా ఇవ్వాలని అందులోనే ఉంది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలి మానస్ ఉంది కదా అంటారు కొందరు. వినపడనివాడికి ఫోన్ నంబరు! మీరు చేసి సలహా అడగడానికైతే పనికొస్తుంది.

మెడకి చెయ్యి అడ్డంగా గీసి చూపించినా, పురుగుమందు తాగుతానన్నట్టు సైగ చేసినా ఇంటర్‌ప్రెటర్ కోసం ఆగకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒంటరిగా వదలొద్దు. చేనుకి కొట్టే మందు డబ్బాలు ఇవాళే ఇంట్లోంచి తీయించేయండి.