క్లౌడ్‌కి మారుతున్న మేనల్లుడికి

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

ఆఫీసు సర్వర్లు తీసేసి క్లౌడ్‌కి, అంటే వేరే కంపెనీ అద్దెకిచ్చే కంప్యూటర్లకి వెళ్తున్నామని, ఇక సెక్యూరిటీ టెన్షన్ ఆ కంపెనీవాళ్లదేనని రాశావు. ఆ రెండో మాట దగ్గరే ఆగిపోయాను. డేటా సెంటర్ కాపలా, డిస్కులు, కేబుళ్లు వాళ్లవి, నిజమే. నీ డేటా ఎవరికి కనపడాలి, ఎవరికి ఏ పర్మిషన్ ఉండాలి అన్నది మాత్రం నీ నెత్తినే. ఒప్పందంలో ఆ సంగతి రాసే ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ.

మా టీమ్‌లో ఓ కుర్రాడు యాక్సెస్ కీని (మా క్లౌడ్ ఖాతాకి పాస్‌వర్డ్ లాంటిది) కోడ్‌లోనే రాసి, పొరపాటున కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో పబ్లిక్‌గా పెట్టేశాడు. 10 నిమిషాల్లో చూసుకుని ఆ లైన్ చెరిపేశాడు, భయపడి ఎవరికీ చెప్పలేదు. లైన్ చెరిపినా పాత కమిట్‌లో, అంటే అక్కడ దాచి ఉన్న పాత కాపీలో, కీ అలాగే ఉంటుంది. అలాంటి కీలను ఏరుకోవడానికే బాట్లు, అంటే వాటంతటవే వెతికే ప్రోగ్రాములు, తిరుగుతుంటాయి. తెల్లారేసరికి మేమెన్నడూ వాడని రీజియన్లలో (వేరే ప్రాంతాల డేటా సెంటర్లలో) పెద్ద పెద్ద మెషీన్లు లేచి, ఎవరికోసమో క్రిప్టో మైనింగ్ (డిజిటల్ కరెన్సీ సంపాదించే లెక్కలు) చేస్తున్నాయి. బిల్లు అలర్ట్ వచ్చేదాకా మాకు తెలియనే లేదు. కుర్రాణ్ణి కేకలేశాను గానీ అసలు తప్పు నాది. ఫైళ్లు అప్‌లోడ్ చేసే కీకి మెషీన్లు లేపే పర్మిషన్ ఇచ్చింది నేనే. కీ బయటపడితే ముందు దాన్ని రద్దు చెయ్యాలి, కోడ్ సంగతి తర్వాత. తప్పు చేసినవాడు వెంటనే వచ్చి చెప్పగలిగేలా నువ్వు ఉండాలి, అది ఇంకా ముఖ్యం.

బ్యాకప్ ఉందిలే అని ధీమాగా ఉండకు. 2014లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి ఎవడో చొరబడి డబ్బు అడిగాడు. వాళ్లు పాస్‌వర్డులు మార్చబోతే, వాడు ముందే తయారుచేసి పెట్టుకున్న లాగిన్లతో డేటాతోపాటు బ్యాకప్‌లు కూడా చాలావరకు తుడిచేశాడు. 12 గంటల్లో అంతా అయిపోయింది, కంపెనీ మూతపడింది. నీ బ్యాకప్ వేరే ఖాతాలో, వేరే లాగిన్‌తో ఉండాలి. అప్పుడప్పుడు దాన్ని రీస్టోర్ చేసి చూడు.

ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్ కోడ్ లాంటి రెండో తనిఖీ) అందరికీ పెట్టించు, విసుక్కున్నా సరే. ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్లు అదే రోజు తీసేయించు. ఫైర్‌వాల్, ఎన్‌క్రిప్షన్ గురించి మీ ఇంజనీర్లకు నాకన్నా బాగా తెలుసు.

ముందు ఒక్క పని చెయ్యి. మీ రూట్ ఖాతా (అన్ని అధికారాలూ ఉండే అసలు ఖాతా) పాస్‌వర్డ్ ఇప్పుడు ఎవరెవరి దగ్గర ఉందో కనుక్కుని నాకు రాయి.

ఇట్లు,
మావయ్య