మూడు లీజియన్లు ఎలా పోయాయి?

ప్రశ్న: మాస్టారూ, క్రీ.శ. 9లో జర్మనీలో చెరుస్కి తెగ, దాని మిత్రులు మూడు రోమన్ లీజియన్లను (ఒక్కోటి ఐదు వేల మంది దాకా ఉండే పెద్ద సైన్య దళం) మట్టుబెట్టారని చదివాను. అంత కవచమూ, కవాతూ ఉన్న సైన్యం ఈటెలవాళ్ల చేతిలో ఎలా పోయింది? అడవి వల్లేనా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: అడవి కన్నా నడక తీరు ఎక్కువ ముంచింది. రోమన్ సైనికుడి బలమంతా పక్కవాడితో కలిసి బారు తీరడంలో ఉంది. దానికి బయలు కావాలి. జర్మనీకి రోమ్ పెట్టిన గవర్నర్ వారుస్ వేసవి విడిది ముగించుకుని రైన్ నది వైపు వస్తున్నాడు. వెంట 17, 18, 19వ లీజియన్లు, ఆరు సహాయక పదాతి దళాలు, మూడు గుర్రపు దళాలు. వీళ్ల మధ్యలోనే బళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. దారి ఇరుకు కావడంతో వరస 15–20 కిలోమీటర్లు సాగి ఉంటుందని అంచనా. ముందున్నవాళ్ల మీద పడితే వెనకున్నవాళ్లకు కబురందేలోపే పని అయిపోతుంది. పైగా, కోరిన ఊళ్లకల్లా కాపలాకని వారుస్ అప్పటికే కొంత బలగాన్ని పంచేశాడు.

ఈ లోపాలన్నీ, దాడిని నడిపిన ఆర్మీనియస్‌కు కొట్టినపిండి. చెరుస్కి నాయకుడి కొడుకే అయినా రోమన్ పౌరసత్వం ఉన్నవాడు, వాళ్ల సహాయక దళాన్ని నడిపినవాడు. అతని మామ సెగెస్టిస్ ముందే హెచ్చరించినా వారుస్ చెవిన పెట్టలేదు.

ఆ పోరులో వాన, గాలి, నానిన డాళ్ల సంగతి చెప్పిన రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో దాదాపు 200 ఏళ్ల తర్వాతివాడు. అందుకే, ఆ పోరు జరిగిందని భావించే కాల్‌క్రీజ తవ్వకాలకే నేను ఎక్కువ విలువిస్తాను. అక్కడ ఒక పక్క కొండ, మరో పక్క మన సోంపేట బీలలాంటి చిత్తడి, మధ్యలో సన్నటి పొడి నేల. వారుస్ ముద్ర కొట్టిన నాణేలు దొరికాయి, క్రీ.శ. 9 తర్వాతివి లేవు. కొండవైపు పచ్చిక గడ్డలతో వేసిన కట్ట చెరుస్కిల మాటు అంటారు. కాదు, రోమన్లదేనన్న వాదనా ఉంది.

ప్రశ్న: రోమ్ పగ తీర్చుకోలేదా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: తీర్చుకుంది, సగమే. క్రీ.శ. 16లో జర్మనీలోని ఇడిస్టావీసో దగ్గర రోమన్ సేనాని జర్మానికస్ గెలిచాడు, కానీ ఆర్మీనియస్ దొరకలేదు. ఖర్చుకు తగ్గ ఫలితం లేదని చక్రవర్తి టైబీరియస్ జర్మానికస్‌ను వెనక్కి పిలిపించాడు. లీజియన్‌కొకటి చొప్పున పోయిన గద్ద పతాకాల్లో మూడోది 41లో గానీ దొరకలేదు. ఆ మూడు లీజియన్ల సంఖ్యలను రోమ్ మళ్లీ ఏ దళానికీ పెట్టలేదు. ఆర్మీనియస్‌ను చంపింది మాత్రం రోమన్లు కాదు, సొంత బంధువులే.